తొలి అలకు ఏ పలక?

ఫ్యాక్టరీ అచ్చులోంచి వచ్చిన మెత్తటి బోర్డా, కొలతలిచ్చి చేయించుకున్న ఫైబర్ బోర్డా? పుదుచ్చేరి తీరంలో సర్ఫింగ్ నేర్చుకునేవారికి ఎదురవుతున్న ఈ ప్రశ్నలో డబ్బుంది, భద్రత ఉంది, తీరగ్రామాల ఉపాధి కూడా ఉంది.

పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉత్తరానికి పావుగంట వెళ్తే సెరినిటీ బీచ్ వస్తుంది. పేరుకు ప్రశాంత తీరమే కానీ అక్కడి అలలకు ఆ సంగతి పట్టినట్టు లేదు. పొద్దున్నే వలలు సర్దుకునే మత్స్యకారుల పక్కనే ఇసుక మీద వరసగా పరిచిన రంగురంగుల పలకలు కనిపిస్తాయి. ఒక్కోటి ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవు. వాటి మీద బోర్లా పడుకుని గాలిలో ఈత కొడుతూ, శిక్షకుడు కేక వేయగానే దిగ్గున లేచి నిలబడేవారిలో ఎక్కువమంది చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి వారాంతానికి వచ్చిన ఉద్యోగులే. ఆ తర్వాత నీళ్లలో గంటసేపు పడుతూ లేస్తూ ఉప్పునీళ్లు మింగి, మోచేతులు గీరుకుపోయి, మొహం నిండా నవ్వుతో బయటికొస్తారు. ఆ నవ్వు ఆరకముందే ఒక ప్రశ్న పుడుతుంది: సొంత బోర్డు కొనుక్కోవాలంటే ఏది కొనాలి?

పదిహేనేళ్ల క్రితం ఈ ప్రశ్న అడిగేవారే అరుదు. ఇప్పుడు పరిస్థితి మారింది. ఆరోవిల్‌లో పెరిగిన ఇద్దరు సోదరులు నెలకొల్పిన కల్లియలె సర్ఫ్ స్కూల్ సెరినిటీ తీరాన్ని సర్ఫింగ్ పటంలోకి ఎక్కించింది. 2011లో సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ తొలిసారి పతక క్రీడ అయింది. 2025 ఆగస్టులో పుదుచ్చేరికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్‌లో రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచి, ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. విశాఖలో రుషికొండ అలల మీదా బోర్డులు కనిపిస్తున్నాయి. ఆట పెరిగింది కాబట్టి అంగడీ పెరిగింది. కొత్తగా నేర్చుకునేవాడి ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి రెడీమేడ్. రెండోది దర్జీకి కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టు తన ఎత్తు, బరువులకు తగ్గట్టు బోర్డు చేయించుకోవడం.

దర్జీ చొక్కా రెడీమేడ్ కన్నా బాగా అమరుతుందని మనకు తెలుసు. అదే తర్కం బోర్డుకూ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

లోపల ఏముంది?

బడిపిల్లలకు వాడే మెత్తటి బోర్డును కోసి చూస్తే మధ్యలో కనిపించేది మనం థర్మోకోల్ అని పిలుచుకునే పదార్థమే. అది విరిగిపోకుండా నిలువునా రెండు మూడు చెక్క బద్దలు పెడతారు. పైన చాపలాంటి మెత్తటి ఫోమ్ పొర, అడుగున జారే ప్లాస్టిక్ రేకు, వెనుక వంగే రబ్బరు లేదా ప్లాస్టిక్ రెక్కలు అమరుస్తారు. ఒకే అచ్చు నుంచి వేలకొద్దీ తయారవుతాయి. ఏ రెండింటి మధ్యా తేడా ఉండదు.

చేయించుకునే బోర్డు కథ వేరు. దాన్ని మలిచే పనివాడిని షేపర్ అంటారు. మధ్యలో చెక్క బద్ద ఉన్న పాలీయురేథేన్ ఫోమ్ దిమ్మెను తీసుకుని, దాని మీద ఆకారం గీసి, వడ్రంగి తలుపుచెక్కను చిత్రిక పట్టినట్టు రందతో చెక్కుతాడు. గరుకు కాగితంతో అంచులు గుండ్రంగా దిద్దుతాడు. ముక్కు దగ్గర ఎంత పైకి వంగాలి, తోక ఎంత సన్నబడాలి, అంచు ఎంత పలచగా ఉండాలి అనేవన్నీ అతని చేతివాటం మీద ఆధారపడతాయి. ఆ తర్వాత గాజునార గుడ్డ పరిచి పాలియెస్టర్ రెసిన్ పోసి గట్టిపరుస్తారు. కొందరు థర్మోకోల్ దిమ్మె మీద ఎపాక్సీ రెసిన్ వాడతారు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా పుదుచ్చేరిలో బోర్డు కొనేవాడికి చాలా ముఖ్యం. ఎందుకో తర్వాత చూద్దాం.

ముందు కొంత లెక్క. బోర్డు తేలే శక్తిని దాని ఘనపరిమాణం నిర్ణయిస్తుంది, అందుకే దాన్ని లీటర్లలో చెబుతారు. 80 లీటర్ల బోర్డు పూర్తిగా మునిగితే దాదాపు 82 కిలోల సముద్రపు నీటిని తొలగిస్తుంది. దాని సొంత బరువు ఏడెనిమిది కిలోలు పోగా 74 కిలోల దాకా మోయగలదు. పోటీల్లో ఆరితేరినవారు వాడే 30 లీటర్ల బోర్డు పాతిక కిలోలకు కొంచెం ఎక్కువ మోస్తుందంతే. 70 కిలోల మనిషి దాని మీద పడుకుంటే ఛాతీ దాకా నీళ్లలోనే ఉంటుంది. చేతులు ఎంత ఆడించినా వేగం రాదు, అల అతన్ని దాటుకుని వెళ్లిపోతుంది. అదే మనిషి పెద్ద బోర్డు మీద నీటికి పైన తేలుతూ నాలుగు బారలు వేస్తే అల అతన్ని అందుకుంటుంది.

అంటే మొదట్లో కావలసింది పొడవు, వెడల్పు, మందం, నిలకడ. ఇవి ఫలానా శరీరానికి మాత్రమే సరిపోయే కొలతలు కావు. 55 కిలోల అమ్మాయికీ 80 కిలోల అబ్బాయికీ ఎనిమిది, తొమ్మిది అడుగుల బోర్డుల్లోనే సరిపోయేది దొరుకుతుంది. అక్షరాభ్యాసం రోజున పిల్లాడి చేతికిచ్చే పలక ఎవరి చేతివేళ్ల కొలతకూ చేయించింది కాదు. అదే పలక మీద అందరూ ఓనమాలు దిద్దుతారు. చేతిరాత కుదిరాకే కలం ఎంపిక గురించి ఆలోచన వస్తుంది.

దెబ్బ తగిలేది దేని వల్ల?

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. సర్ఫింగ్‌లో గాయమనగానే సొరచేపలు, బండరాళ్లు గుర్తొస్తాయి. వాస్తవం వేరు. అమెరికన్ వైద్యుడు ఆండ్రూ నాథన్సన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం 1,237 గాయాలను పరిశీలించింది. వాటిలో 55 శాతం సర్ఫర్‌కు తన సొంత బోర్డే తగలడం వల్ల అయినవి. మరో 12 శాతం పక్కవాడి బోర్డు తగిలి అయినవి. సముద్రపు అడుగు తగిలి అయినవి 17 శాతమే.

కొత్తవాడు పదిసార్లు లేస్తే తొమ్మిదిసార్లు పడతాడు. పడిన ప్రతిసారీ కాలికి తాడుతో కట్టి ఉన్న బోర్డు అలతో పాటు వెనక్కి దూసుకొస్తుంది. దాని ముక్కు గాజునారతో గట్టిపడినదైతే, రెక్కలు కత్తి అంచులా ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మెత్తటి బోర్డు కూడా తలకు తగిలితే నొప్పి పుట్టిస్తుంది. కాకపోతే కుట్లు పడే అవకాశం బాగా తగ్గుతుంది. సెలవురోజు పదిహేను మంది ఒకే అలలో దిగే చోట ఇది మన ఒక్కరికి సంబంధించిన ఎంపిక కాదు, పక్కవాడి కంటికీ పంటికీ సంబంధించినది.

పుదుచ్చేరిలో దీనికి స్థానిక కారణం కూడా తోడవుతుంది. 1980ల చివర్లో నౌకాశ్రయం కోసం అరియాంకుప్పం నదీముఖం వద్ద కట్టిన అడ్డుగోడలు దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకను నిలిపేశాయి. పట్టణం ముందున్న ఇసుకతీరం క్రమంగా మాయమై, దాని స్థానంలో రాళ్ల గోడ వెలిసింది. కోతను ఆపడానికి ఉత్తరాన తమిళనాడు గ్రామాల్లో రాళ్ల గట్లు సముద్రంలోకి చొచ్చుకెళ్లాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో పట్టణ తీరానికి ఎదురుగా నీటి అడుగున ఉక్కు కట్టడం దించాక కొంత ఇసుక తిరిగొచ్చింది. మొత్తానికి ఈ తీరంలో అల ఉన్న చోటుకు రాయి కూడా దగ్గరే. అదుపు తప్పిన బోర్డు రాయికి కొట్టుకుంటే మెత్తటిదానికి పై పొర చిరుగుతుంది. గాజునారదైతే పగిలి, ఆ పగులులోంచి నీళ్లు తాగుతుంది.

ప్రశ్నపత్రానికి జవాబులేవి?

బోర్డు చేయించుకోవాలంటే షేపర్ కొన్ని వివరాలు అడుగుతాడు. పొడవెంత, వెడల్పెంత, మందమెంత, అంచు మెత్తగానా పదునుగానా, తోక గుండ్రంగానా చదరంగానా, రెక్కలు ఒకటా మూడా? ఏ అలల మీద వాడతారు? ఇప్పుడు వాడుతున్న బోర్డులో మీకు నచ్చనిదేమిటి?

చివరి ప్రశ్న దగ్గర కొత్తవాడు దొరికిపోతాడు. ఏది నచ్చలేదో చెప్పాలంటే పదిరకాల బోర్డులు వాడి ఉండాలి. అలను అడ్డంగా కోస్తున్నప్పుడు తోక జారుతోందా, ముక్కు నీళ్లలో గుచ్చుకుంటోందా అనేది ఒళ్లు గ్రహించాలి. నురగనీటిలో నిలబడటమే గగనమైనవాడికి ఆ తేడా తెలిసే వీల్లేదు. కాబట్టి సినిమాలో చూసిన పొట్టి బోర్డునో, ఫొటోలో నచ్చిన రంగునో అడుగుతాడు. మొహమాటపడే షేపర్ అడిగింది చేసిచ్చేస్తాడు. నిజాయితీ గల షేపర్ పొడవైన, వెడల్పైన, మందమైన బోర్డే చేసిస్తాడు. అంటే కొనేవాడు ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లించి దాదాపు అద్దె బోర్డు ఆకారానికే చేరతాడు.

పైగా కొత్తవాడి శరీరానికి కాక నైపుణ్యానికి కొలతలు తీస్తే ఆ కొలతలు నిలిచి ఉండవు. ఎదిగే పిల్లాడికి చొక్కా వదులుగా కుట్టించమని మన పెద్దలు చెప్పింది ఇందుకే. నేర్చుకునేవాడి అవసరం ఒక సీజన్ తిరిగేసరికి మారిపోతుంది.

చేతిపని, యంత్రపని: గీత ఎక్కడ?

అలాగని ఫ్యాక్టరీని పొగిడి చేతిపనిని తీసిపారేస్తే అది సగం నిజమే అవుతుంది. ఈ రెండింటి మధ్య గీత అనుకున్నంత స్పష్టంగా లేదు. హవాయి దీవులవాసులు శతాబ్దాల క్రితమే చెట్టు మాను నుంచి బోర్డులు మలిచారు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలీయురేథేన్ ఫోమ్ వాడకాన్ని పెంచడంతో తయారీ తేలికైంది. క్లార్క్ తర్వాత సొంతంగా పెట్టిన క్లార్క్ ఫోమ్ సంస్థ అమెరికాలోని షేపర్లకు ఫోమ్ దిమ్మెలు అందించేది. అక్కడి మార్కెట్‌లో దాని వాటా 90 శాతం దాకా ఉండేదని అంచనా. 2005 డిసెంబర్ 5న క్లార్క్ ఉన్నట్టుండి ఆ సంస్థను మూసేశాడు. సోమవారంనాడు వచ్చిన ఆ వార్తతో దిమ్మెల ధరలు ఎగబాకాయి, షేపర్లు చేతులు ముడుచుకు కూర్చున్నారు. ప్రతి బోర్డూ ప్రత్యేకం అని చెప్పుకునే పరిశ్రమ ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపడి బతుకుతోందని లోకానికి ఆ రోజు తెలిసింది.

ఆ ఖాళీలోకి రెండు రకాల ఫ్యాక్టరీలు చొచ్చుకొచ్చాయి. థాయ్‌లాండ్‌లోని కోబ్రా ఇంటర్నేషనల్ వంటివి పేరున్న షేపర్ల నమూనాలను అచ్చుల్లో పోసి ఎపాక్సీ బోర్డులు చేస్తాయి. వాటి మీద రుద్దడం, పూయడం ఇప్పటికీ కార్మికుల చేతిపనే. రెండోవి మెత్తటి చవక బోర్డులు. అమెరికాలోని కాస్ట్‌కో గోదాముల్లో వేవ్‌స్టార్మ్ అనే ఎనిమిది అడుగుల బోర్డును ఏళ్ల తరబడి 100 డాలర్లకు కాస్త అటూ ఇటూగా అమ్మారు. పాతకాపులు మొదట్లో దాన్ని వెక్కిరించారు, తర్వాత వారిలో కొందరు సరదాకి దాని మీదే అలలెక్కారు. మరోపక్క కొలతలకు చేసేవారు కూడా ఇప్పుడు కంప్యూటర్‌లో గీసి యంత్రంతో ముతకగా కోయించి చివరి మెరుగు మాత్రమే చేత్తో దిద్దుతున్నారు.

బాగుచేసేవాడు ఊళ్లోనే

పుదుచ్చేరి విషయానికొస్తే అసలు సమస్య చేయించడం కన్నా చేసేవాడిని వెతకడం. దేశంలో షేపర్లు చాలా తక్కువ. విదేశంలో చేయిస్తే అది ఇక్కడికి చేరడం మరో ప్రహసనం. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే చాలా విమానసంస్థలు దాన్ని మామూలు సామానుగా తీసుకోవు. తొమ్మిది అడుగుల బోర్డు పొడవే 274 సెంటీమీటర్లు. రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిస్తే ధర ఎక్కడికో వెళ్తుంది. వచ్చాక కొలత కుదరకపోతే దర్జీ దగ్గరికి వెళ్లినట్టు వెళ్లి విప్పి కుట్టించుకునే వీలు లేదు.

కానీ ఈ తీరానికి ఒక బలం ఉంది. 2004 సునామీ తర్వాత సహాయ సంస్థలు ఇక్కడి మత్స్యకారులకు ఫైబర్ పడవలు విరివిగా పంచాయి. పడవలతో పాటు వాటికి అతుకులు వేసే పనివారూ పెరిగారు. గాజునార, పాలియెస్టర్ రెసిన్, గట్టిపరిచే రసాయనం, గరుకు కాగితం వారి రోజువారీ సరుకులు. మే నెల ఎండలో రసాయనం ఒక చుక్క ఎక్కువైతే రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతుందన్న సంగతి వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పాలీయురేథేన్ బోర్డుకు పడ్డ పగులును పూడ్చడానికి కావలసినవి కూడా ఇవే.

ఇందాక వాయిదా వేసిన రెసిన్ సంగతి ఇక్కడే అక్కరకొస్తుంది. పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. లోపల థర్మోకోల్ ఉన్న ఎపాక్సీ బోర్డును పడవల పనివాడికి ఇచ్చి అతుకు వేయమంటే చిన్న పగులు చూస్తుండగానే గుంతవుతుంది. దానికి ఎపాక్సీయే వాడాలి. కాబట్టి గట్టి బోర్డు కొనేవాడు రంగు కన్నా ముందు లోపలి ఫోమ్ ఏదో అడగాలి. మెత్తటి బోర్డుకైతే ఈ రెండు వైద్యాలూ అంతగా పనిచేయవు. పై పొర ఊడి, లోపలికి నీరు చేరి బరువెక్కాక అది చెత్త కిందే లెక్క. విరిగితే థర్మోకోల్ గింజలు ఇసుకలో కలిసిపోతాయి. చవక బోర్డు అసలు ఖరీదులో కొంత భాగం ఇలా తీరం చెల్లిస్తోంది.

ఇదంతా ఈ తీరానికి కొత్త కాదు. కట్టుమరం అన్న తమిళ మాటను తెలుగువాడికి విడమరచి చెప్పాల్సిన పని లేదు. కట్టిన మాను అన్నమాట. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో దాన్నే తెప్ప అన్నారు. తేలికైన దుంగలను తాళ్లతో కట్టి, ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెట్టే ఆ పడవ అక్షరాలా కొలతలకు చేయించుకున్నదే. ఎన్ని దుంగలు, ఎంత పొడవు అనేది యజమాని చేసే వేటను బట్టి, ఆ ఊరి అలను బట్టి ఉండేది. దాని స్థానంలోకి అచ్చులో పోసిన ఫైబర్ పడవ వచ్చింది. వేగం, సౌకర్యం పెరిగాయి. కానీ దుంగను చూసి పడవను ఊహించగల కళ్లు తగ్గిపోయాయి. తీరగ్రామాల యువకులు కొందరు ఇప్పుడు సర్ఫింగ్ శిక్షకులుగా, ప్రాణరక్షకులుగా బతుకుతున్నారు. ఆట వారికి నేర్పే పనిని ఇచ్చింది, చేసే పనిని ఇంకా ఇవ్వలేదు. దిగుమతి బోర్డును అద్దెకివ్వడం దగ్గరే కథ ఆగిపోతే ఈ తీరంలో మిగిలేది గంటల లెక్కన వచ్చే కూలీయే.

మరి ఏం చేయాలి?

మొదటి కొన్ని నెలలు అసలు కొనకపోవడమే మేలు. శిక్షణ కేంద్రంలోని మెత్తటి బోర్డును అద్దెకు తీసుకోవడం అన్నిటికన్నా చవక. బోర్డు మోసుకెళ్లే బాధ, ఎండలో పాడవకుండా దాచే బాధ రెండూ ఉండవు. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే హైదరాబాదీకి ఎన్నేళ్లయినా ఇదే సరైన దారి. తీరానికి దగ్గర్లో ఉండి వారానికి రెండుమూడుసార్లు దిగగలిగేవారు మాత్రం ఎనిమిది, తొమ్మిది అడుగుల ఫ్యాక్టరీ బోర్డు కొనుక్కోవచ్చు. పాతది దొరికితే మరీ మంచిది. కొనేముందు దాన్ని ఎత్తి చూడాలి. అదే కొలతల మరో బోర్డు కన్నా బరువుగా ఉంటే నీరు తాగిందని అర్థం. పై పొరను బొటనవేలితో నొక్కితే బుడగలా లేస్తే వదిలేయడం మంచిది. కొన్నాక నీడలో ఉంచడం, మంచినీళ్లతో కడగడం, మూసిన కారులో వదిలేయకపోవడం తప్పనిసరి. మన ఎండకు లోపలి గాలి ఉబ్బి పొరలు విడిపోతాయి.

నురగను దాటి విరగని అలను అందుకుని, దాని మీద కుడికీ ఎడమకీ తిరగడం వచ్చాక షేపర్ అడిగే ప్రశ్నలకు జవాబులు వాటంతటవే వస్తాయి. కొలతలకు చేయించడం అప్పుడు విలాసం అనిపించుకోదు, చదువులో తర్వాతి మెట్టు అవుతుంది. ఈ వరసకు మినహాయింపులున్నాయి. వంద కిలోలు దాటిన మనిషికి అద్దె బోర్డు చాలకపోవచ్చు. వైకల్యం ఉన్నవారికి పిడులున్న బోర్డో, మోచేతులు ఆనించే బోర్డో మొదటిరోజు నుంచే కావాలి. అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం 2015 నుంచి వికలాంగులకు ప్రపంచ పోటీలు నిర్వహిస్తోంది. అక్కడికి వచ్చే చాలా బోర్డులు ఒక శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. అందరికీ ఒకే కొలత సరిపోతుందన్న ఫ్యాక్టరీ లెక్క వారి విషయంలో తప్పుతుంది. షేపర్ చేతిపని విలువ ఏమిటో అక్కడే బాగా తెలుస్తుంది.

సాయంత్రం సెరినిటీ తీరంలో అద్దె బోర్డులన్నీ కడిగి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. కొన్నిటి ముక్కులకు అంటించిన పట్టీలు, అంచులకు పడ్డ గాట్లు కనిపిస్తుంటాయి. ఆ గాట్లు ఎవరెవరివో ఎవరూ గుర్తుపెట్టుకోరు. కాస్త అవతల ఇసుక మీద తలకిందులుగా పెట్టిన ఫైబర్ పడవకు ఎవరో అతుకు వేస్తుంటారు, రెసిన్ వాసన గాలిలో తేలి వస్తుంటుంది. ఈ తీరంలో తయారైన బోర్డు మీద ఈ తీరపు కుర్రాడు అలనెక్కే రోజు వస్తే, దానికి కావలసిన పనితనంలో సగం ఆ పడవ పక్కనే ఉంది.